తిటీనియా గారి కొడుకు నడక

తిటీనియా గారిని పద్నాలుగో ఏట ఔలుస్ ఓర్ఫీడియస్‌కి ఇచ్చి చేశారు. ఆయనకప్పుడు ముప్ఫై ఎనిమిది. అత్తారింటి గడప ద్వారబంధానికి కొత్తకోడలు తోడేలు కొవ్వు రాయాలి కదా, ఆ కంపుకి పాపం ఆవిడకి డోకొచ్చింది. "అప్పుడే నెల తప్పిందర్రా!" అని పెళ్లివారంతా ఒకటే నవ్వులు. ఈ సంగతి ఆవిడే నాకు చెప్పింది, తనూ నవ్వుతూ. అప్పట్లో ఆవిడ నోట్లో నవ్వు ఆగేది కాదు లెండి.

ఏడుగురిని కన్నది. ఇద్దరు మిగిలారు. పెద్దవాడు పబ్లియస్. వాడి తర్వాత పదిహేనేళ్లకి, ఇంక పిల్లలు లేరనుకున్నాక, ఆడపిల్ల ఓర్ఫీడియా. ఇద్దరికీ అక్షరాలు దిద్దించింది నేనే. పబ్లియస్ ఆరేళ్లప్పుడు కంచరగాడిద మీంచి పడ్డాడు. ఎడమ కాలు అతుక్కుంది గానీ వంకరగా అతుక్కుంది. అడుగేస్తే కొంచెం ఈడ్చేవాడు. పద్యం మర్చిపోతే కుడి చెవి తమ్మె పట్టుకు లాక్కునేవాడు, అదేదో చెవిలోనే ఇరుక్కున్నట్టు.

ఆ కాలుతోనే పెద్ద పదవి దాకా ఎక్కాడు. ఇంట్లో పూర్వీకుల మైనపు ముఖాల పక్కన వాడి ముఖం కూడా అచ్చు తీసి పెట్టారు. ఆ ఇంట్లో ఎవరు పోయినా వేషగాళ్లు ఆ ముఖాలు తగిలించుకుని శవయాత్రలో నడుస్తారు. తర్వాత ఒక విందులో చక్రవర్తి గారి బట్టతల మీద ఏదో హాస్యమాడాడు. పక్క పరుపు మీద ఒరిగి భోంచేస్తున్నవాడు అది మోసుకెళ్లి చెప్పాడు. రాజద్రోహమన్నారు. పెద్దల సభలో తీర్పు అడిగిన రోజున, అందులో సభ్యుడైన కన్నతండ్రి ఔలుస్ లేచి, శిక్ష వెయ్యాలన్నవాళ్ల వైపుకి నడిచి నిలబడ్డాడు. ఆ సాయంత్రమే పబ్లియస్ మణికట్టు కోసుకున్నాడు.

చావుతో పోలేదండీ. వాడి మైనపు ముఖాన్ని కరిగించెయ్యాలన్నారు. వాడి ముఖం ఆ ఇంటి ఏ శవయాత్రలోనూ నడవకూడదన్నారు. ఇంటి ఆడవాళ్లు నల్లబట్ట కట్టకూడదు, జుట్టు విరబొయ్యకూడదు, ఏడవకూడదు. రెండేళ్లు ఆవిడ మగ్గం ముందు కూర్చుని నేసింది. కళ్లు తడవలేదు. అవతలి కుర్చీలో మొగుడు.

ఆ రెండో ఏడు శరదృతువులో జ్వరమొచ్చి ఔలుస్ పోయాడు. మర్నాడే ఆవిడ దగ్గర్నించి నాకు కబురొచ్చింది, వెళ్లాను.

"మేష్టారూ, మా పబ్లియస్ నడక గుర్తుందా?"

"ఉందమ్మా. ఎందుకు?"

"పూర్వీకుల ముఖాలు పెట్టుకుని నడవడానికి వేషగాళ్లొచ్చారు. ముత్తాతగారి ముఖం పెట్టుకునేవాడికి ఆ నడక నేర్పండి. ముత్తాతగారు ఎలా నడిచేవారో చెప్పడానికి ఎవరు బతికున్నారు గనక?"

"తలలు లేచిపోతాయమ్మా!"

"ముఖం వద్దన్నారు. కాలు వద్దని ఎక్కడా రాయలేదే! అయినా, పసివాణ్ణి బెత్తంతో వాయించిన రోజున లేని భయం ఇప్పుడెక్కణ్ణించి ఊడిపడింది మేష్టారూ?"

పెరట్లో కోతైపోయిన కూరమళ్ల మధ్య ఆ వేషగాడు దోరియోకి నడక నేర్పాను.

"అయ్యా, రాజుని వేశాను, తాగుబోతుని వేశాను. కుంటి ముత్తాత మాత్రం ఇదే మొదలు," అన్నాడు వాడు.

"కుంటి కాదురా వెధవా, ఈడుపు! కాలు నేలని అడిగి లేవాలి. ఏదీ, మళ్లీ!"

ఎవరి నడకో వాడికి చెప్పలేదు. ఔలుస్ తమ్ముడు స్పూరియస్ మాత్రం ఏదో పసిగట్టాడు.

"వదినా, వచ్చే జూన్‌లో పిల్ల పెళ్లి. పిచ్చి పనులేం పెట్టుకోకు."

"పిచ్చి పనులన్నీ మీ అన్నయ్య చేసి వెళ్లారు స్పూరియస్. నాకేం మిగల్చలేదు."

శవయాత్రలో పిల్లనగ్రోవులు ముందు, ముఖాలు పెట్టుకున్నవాళ్లు ఆ వెనక, పాడె ఆ వెనక, జుట్టు విరబోసుకుని ఆవిడ. నడివీధి వేదిక మీద పూర్వీకులంతా దంతపు కుర్చీల్లో కూర్చోవాలి. దోరియో మెట్లెక్కాడు. ఎడమ కాలు ఈడ్చాడు. పైమెట్టు మీద ఆగి చెవి తమ్మె లాక్కున్నాడు. అది నేను బాగా నేర్పాను, అంత బాగా నేర్పకుండా ఉండాల్సింది. ఆరేళ్లవాడు పద్యం మర్చిపోయి నా ముందు నిలబడ్డట్టయింది.

ఆవిడ కూలబడిపోయింది. రెండేళ్ల ఏడుపు ఒక్కసారి వచ్చింది. బుగ్గలు గోళ్లతో చీరుకుంది.

"ఎంత ప్రేమో మొగుడంటే!" అంది ఒక చేపలావిడ నా పక్కన. "మా ఆయన పోయిన రోజున నేను వేడిగా రెండు రొట్టెలెక్కువ తిన్నాను."

అంతటితో అయిపోతే బాగుండేది. ఊరి బయట చితి దగ్గర, నిప్పు పెట్టేముందు, పోయినవాణ్ణి చివరిసారి పేరు పెట్టి పిలవాలి. భార్య ముందు పిలవాలి. ఆవిడ పాడె దగ్గరికెళ్లి గొంతెత్తింది.

"పబ్లియస్! పబ్లియస్! ఓరి నాయనా, పబ్లియస్!"

పిల్లనగ్రోవులు ఆగిపోయాయి. స్పూరియస్ గబగబా "ఔలుస్! ఔలుస్!" అని అరిచాడు గానీ అప్పటికే వినాల్సినవాళ్లు విన్నారు.

తొమ్మిది రోజుల్లో విచారణకి రమ్మని ఆవిడకి ఉత్తర్వు వచ్చింది. నేను వెళ్లేసరికి మగ్గం మీద బట్ట సగంలో ఉంది. ఎదురుగా గంజి గిన్నె చల్లారిపోయి ఉంది.

"నోరు జారిందని చెప్పండమ్మా. దుఃఖంలో ఎవరికైనా జారుతుంది."

"జారలేదు మేష్టారూ. ఆ నడక చూశాక, ఆ శవాన్ని పిలవడానికి నోరు రాలేదు."

"అమ్మాయి మాటేమిటి మరి?"

అప్పుడు మొహం తిప్పుకుంది. "విచారణకి ముందే నేను పోతే ఆస్తి జప్తు కాదట, దానికే ఉంటుందట. స్పూరియస్ కనుక్కొచ్చాడు." గిన్నెని మోచేత్తో దూరంగా నెట్టింది.

తిండీ నీళ్లూ మానేసిన ఆరో రోజు పోయింది. ఆస్తి అమ్మాయికే మిగిలింది. పెళ్లివారు మాత్రం సంబంధం వద్దని ఆ వారంలోనే ఉంగరం వెనక్కి పట్టుకుపోయారు.

ఆవిడ పోయిన మర్నాడు పొద్దున్నే దహనం, ఆరుగురం మనుషులం. ముఖాలు లేవు, పిల్లనగ్రోవి లేదు. పేరు పిలవాల్సింది ఓర్ఫీడియా. నోరు తెరవబోతుంటే స్పూరియస్ భుజం పట్టుకున్నాడు.

"మెల్లగా తల్లీ. అటు మనుషులున్నారు."

పిల్ల మెల్లగానే పిలిచింది. అడుగు దూరంలో నిలబడ్డ నాకే సరిగ్గా వినబడలేదు.