తుంపవద్దన్న ఆకులు

వ్యవసాయ డిప్లొమా చేతికొచ్చిన మరుసటి వానాకాలంలో నన్ను ఇబ్రహీంపట్నం మండలంలోని కొన్ని ఊళ్ల క్లస్టర్‌కు వ్యవసాయ విస్తరణ అధికారిగా వేశారు. పేరులో అధికారి ఉన్నా, శాఖలో అది అట్టడుగు మెట్టు. చేను చూసి చెప్పడం నా పని. సిఫారసు ఖాయం చేయడం మండల అధికారి పని. ఇప్పుడు నేను ఆ ఉద్యోగంలో లేను.

తొలకరి తర్వాత, శ్రావణం సగం దాటినా మళ్లీ వాన జాడ లేదు. రోడ్డు పక్కన యాదమ్మ మక్కజొన్న చేను గింజ పాలు పోసుకునే దశలో ఉంది. కింది ఆకులు పసుపు తిరిగాయి. మా దిక్కు ఆ ఆకులను తుంపి బర్రెకు వేయడం మామూలే. యాదమ్మ ఇల్లు బర్రె పాల మీదే నడుస్తుంది. గడ్డి అయిపోయి ఆమె అప్పటికే గట్టు పక్క సాళ్ల ఆకులు తుంపేసింది.

మండల అధికారి వచ్చి, జీపు దిగకముందే తేల్చేశారు.

"నత్రజని లోపం. యూరియా చల్లమను. ఆ పండుటాకులు తుంపేయమను, చెట్టుకు దండుగ."

"తుంపొద్దు సార్" అన్నాను.

ఆదిభట్లకు పోయే కంపెనీ బస్సు హారన్‌లో నా మాట మునిగిపోయింది. యాదమ్మ నవ్వింది.

"నీ గొంతు పక్కనున్న నాకే ఇనబడ్తలేదు బిడ్డా, సారుకెట్ల ఇనబడ్తది?"

నలుగురిలో మాట్లాడాలంటే నాకు చెమటలు పడతాయి. అయినా బస్సు పోయాక మళ్లీ చెప్పాను.

"తుంపొద్దు సార్. ఆ ఆకులు ఊకె పండుతలేవు, పని చేస్తున్నయ్."

ఆ పని ఇది. నేలలో తడి లేకపోతే వేరు నత్రజనిని తీసుకోలేదు. అప్పుడు మొక్క తన పాత ఆకుల్లోని మాంసకృత్తులను ఎంజైములతో విప్పుకుంటుంది. విప్పేటప్పుడు అమ్మోనియా పుడుతుంది. పేరుకుపోతే అది మొక్కకే విషం. గ్లుటమిన్ సింథటేజ్ అనే ఇంకో ఎంజైము దాన్ని పట్టి గ్లుటమిన్‌గా మారుస్తుంది. ఆ రూపంలో నత్రజని కంకికి చేరుతుంది. ఆకు పూర్తిగా ఎండేదాకా ఈ తరలింపు సాగుతూనే ఉంటుంది. సగం పసుపున్నప్పుడే తుంపితే, గింజకు పోవలసింది బర్రె నోట్లోకి పోతుంది. ఇక ఎండిన నేల మీద చల్లిన యూరియా వేరుకు అందదు, కొంత గాలిలోనే కలిసిపోతుంది.

ఇంత పాఠం అక్కడ చెప్పలేదు. "తడి లేకుండ యూరియా దండుగ సార్, వాన పడ్డంక చూద్దాం" అన్నాను.

"పంట పోతే జవాబు ఎవరిది?"

"నాదే సార్."

ఆయన జీపెక్కి వెళ్లిపోయారు. యాదమ్మ నడుం మీద చేతులేసుకుని నిలబడింది.

"నువ్వు ఎదురు మాట్లాడినవ్, బాగనే ఉన్నది. మల్ల నా బర్రె ఏం తినాలె? నీ మాటలా?"

బర్రెకు మేత ఎక్కడ దొరుకుతుందా అని చుట్టూ చేలు చూశాను. కాల్చి అమ్మడానికి పచ్చి కంకులు విరిచేసిన పొరుగు రైతు అంజయ్య చేనులో చొప్ప ఇంకా పచ్చగా నిలబడి ఉంది. బోరు నీళ్ల కొట్లాట తర్వాత యాదమ్మకూ అతనికీ మాటల్లేవు. నేనే వెళ్లి అడిగాను.

"ఆమెకైతే ఇయ్య" అన్నాడు అంజయ్య.

"ఆమెకొద్దన్నా, బర్రెకియ్యి. బర్రె నీతోని కొట్లాడిందా?"

నవ్వాపుకోలేక, కోసుకుపొమ్మన్నాడు.

వాన ఆలస్యంగా పడింది. కంకులు విరిచే రోజు యాదమ్మ రెండు చేతుల్లో రెండు కంకులు పట్టుకుని వచ్చింది. ఒకటి కొన తప్ప నిండుగా ఉంది. గట్టు పక్క సాళ్లది బక్కగా ఉంది.

"ఇది నీ మాట, ఇది సారు మాట" అంది.

అది రుజువు కాదు. గట్టు పక్క నేల మొదటినుంచీ పలచనే. ఆ సంగతి ఆమెకూ చెప్పాను. మండల అధికారి ఆ చేను ఊసు మళ్లీ ఎత్తలేదు. నేనూ నా మాట వెనక్కి తీసుకోలేదు.

అక్కడ నేర్చుకున్నది ఇదే: పసుపు కనబడగానే ఎరువు బస్తా పేరు చెప్పకూడదు, ఆ ఆకు ఏం పనిలో ఉందో ముందు చూడాలి. వద్దనే మాట గొంతు సరిగ్గా పెగలకపోయినా అక్కడే అనాలి. ఆకులు తుంపాక అంటే అది ఎవరికీ పనికిరాదు.