చెల్లెలి వంతు అంకె

గౌరీశ్వరికి లెక్క సగమే వచ్చు అంటే ఫిషింగ్ హార్బర్‌లో ఒక్కరూ నమ్మరు. ఎండుచేపల గుట్ట చూసి ఎన్ని ఉన్నాయో ఇట్టే చెప్పేసే మనిషి ఆమె. కానీ చిన్నప్పుడు తనూ, అక్క కాసులమ్మా కలిసి కట్టుకున్న భాషలో మాత్రం ఆమె అంకెలు సగమే. మిగతా సగం అక్కవి.

భీమిలి ఒడ్డున ఇద్దరూ చేపలు ఎండబెట్టేవారు. ఒక చేప అక్క పరిస్తే, తర్వాతది చెల్లి పరవాలి. పేచీ లేకుండా వాళ్లమ్మ పెట్టిన పద్ధతి అది. అటు పోయే కుర్రాళ్లు ఊరుకుంటారా? "ముప్పై! పదకొండు! యాభై!" అని అరిచి లెక్క చెడగొట్టేవారు. ఆ వెధవల గోల పడలేక, వాళ్లకు తెలియని అంకెలు పుట్టించుకున్నారు ఇద్దరూ. ఒకటి ఇమ్ము, రెండు జొలి, మూడు తరక, నాలుగు డింకి. చేపల్ని పుంజీకి నాలుగు చొప్పున లెక్కపెట్టే ఇంట్లో పుట్టారు కదా, నాలుగు దాటితే మళ్లీ మొదటికే. ఐదు డింకిమ్ము, ఆరు డింకిజొలి, అలా పోతుంది.

ఇమ్ము, తరక అక్కవి. జొలి, డింకి చెల్లివి. ఎవరి అంకె వాళ్లే పలకాలి. గౌరీశ్వరి అలిగి నోరు మూసుకుంటే, కాసులమ్మ చేప చేత్తో పట్టుకుని ఎంతసేపైనా కూర్చునేది తప్ప, చెల్లి అంకె తను పలికేది కాదు. అంత పిచ్చి ప్రేమ.

అలాంటి అక్కచెల్లెళ్లు తొమ్మిదేళ్లు మాట్లాడుకోలేదు. వాళ్లమ్మ పోయినప్పుడు విశాఖ నుంచి వస్తున్న గౌరీశ్వరి బస్సు దారిలో చెడిపోయింది. వచ్చేసరికి శవాన్ని ఎత్తేశారు.

"గంట ఆగనేకపోనావా అప్పా? అమ్మ మొకం సూడనియ్యనేదు గదా నన్ను!" అని నలుగురిలో అక్కను దుమ్మెత్తిపోసి వెళ్లిపోయింది. వాన ముంచుకొస్తోందని మగవాళ్లు తొందరపెడితే కాసులమ్మ ఒక్కతీ ఏం చేస్తుంది? ఆ సంగతి గౌరీశ్వరికీ తెలుసు. తెలిసీ మొండికేసింది.

మొన్న వానాకాలంలో కాసులమ్మకు పక్షవాతం వచ్చింది. స్టీల్ ప్లాంట్‌లో కాంట్రాక్టు పని చేసే ఆమె కొడుకు సాయిశంకర్ ఫోన్ చేస్తే, గౌరీశ్వరి ఆసుపత్రికి వెళ్లింది. వెళ్లి, వార్డు గుమ్మం దగ్గరే నిలబడింది.

డాక్టరు పరీక్ష చేస్తున్నాడు. "ఒకటి నుంచి పది దాకా చెప్పండమ్మా."

కాసులమ్మ మూతి ఒక పక్కకి పోయింది. చూపు డాక్టరు మీద లేదు, గుమ్మం మీద ఉంది.

"ఇమ్ము," అంది. అని ఆగింది.

"అలా కాదమ్మా. ఒకటి, తర్వాత?"

"ఇమ్ము."

డాక్టరు నిట్టూర్చాడు. "ఒక్క శబ్దం దగ్గరే ఆగిపోతున్నారు. మనుషుల్ని గుర్తుపడుతున్నట్టు కూడా లేదు," అన్నాడు సాయిశంకర్‌తో.

గుర్తుపట్టకపోవడమేమిటి! ఆమె ఆగిపోలేదు, చెల్లి కోసం ఆగింది. ఆ గదిలో ఆ సంగతి తెలిసిన మనిషి ఒక్కతే. జొలి గౌరీశ్వరి గొంతు దాకా వచ్చింది. తొమ్మిదేళ్ల తర్వాత ఇప్పుడు గుర్తొచ్చానా అన్న పాడు రోషం దానికి అడ్డం పడింది. నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయా? విప్పలేదు. మూడోసారి "ఇమ్ము" అన్నప్పుడు కాసులమ్మ గొంతు బతిమాలుతున్నట్టుంది. గౌరీశ్వరి కొంగు సర్దుకుని, "రేపొత్తాన్రా," అని సాయిశంకర్‌తో చెప్పి మెట్లు దిగిపోయింది.

మర్నాడు పొద్దున్న హార్బర్‌లో చేపలు పరుస్తూ పరుస్తూ మధ్యలో లేచింది. తట్ట అక్కడే వదిలేసి ఆటో ఎక్కింది. డాక్టరు ముందే అక్కతో లెక్క చెప్పించాలి, మా అప్పకి మతి పోనేదు బాబూ అని చూపించాలి. దారి పొడుగునా అదే ధ్యాస.

కానీ తెల్లవారుజామున మళ్లీ స్ట్రోక్ వచ్చిందట. కాసులమ్మ ముక్కుకు గొట్టాలున్నాయి, కళ్లు మూతలు పడి ఉన్నాయి. గౌరీశ్వరి వంగి చెవిలో చెప్పింది.

"జొలి."

ఆగింది. మళ్లీ చెప్పింది. "జొలి, అప్పా. నీ వొంతే. జొలి."

ఊపిరి తప్ప ఏమీ కదల్లేదు. మధ్యాహ్నం దాకా ఆ ఒక్క మాటే అంటూ కూర్చుంది.

"ఏటి పిన్నీ అంతన్నావు?" అడిగాడు సాయిశంకర్.

"నిన్న మీయమ్మ నన్నే పిలిసిందిరా. గుమ్మంలో నిల్సోని ఇన్నాను. పలకనేదు."

లెక్క సంగతంతా చెప్పింది. అతను కళ్లు తుడుచుకుని, "అమ్మ సెప్పనేదు గదా, మూడోది నువ్వే సెప్పియ్యి పిన్నీ," అన్నాడు.

"అది అప్పదిరా. నాను సెప్పకూడదు."

దీపాల వేళకి కాసులమ్మ పోయింది. సాయిశంకర్ ఘొల్లుమన్నాడు. గౌరీశ్వరి ఏడవలేదు. నర్సు వచ్చి భుజం పట్టి లేపేదాకా, అక్క పెదవుల దగ్గర చెవి పెట్టుకునే ఉంది.