సిస్టర్ గారి ఘాట్ రోడ్డు

మా పై అంతస్తు సిస్టర్ గారు పోయిన నెల ఒక మంగళవారం పొద్దున ఆరుంబావుకి కన్నుమూశారు. ఆ కబురు వాళ్లబ్బాయే మెట్లు దిగి వచ్చి చెప్పాడు. "ఆంటీ, అమ్మ వెళ్లిపోయింది" అని గుమ్మం దగ్గరే నిలబడి, "తను ఎక్కడికి చేరినా ముందు మీకే ఫోన్ చేసేది కదా, అందుకే మీకే ముందు చెబుతున్నాను" అన్నాడు. నేను లోపలికి వచ్చి, అలవాటు కొద్దీ నోటుపుస్తకం తీసి సమయం రాశాను. ఏం రాశానో అప్పుడు చూసుకుని పుస్తకం మూసేశాను.

ఆమె గురించి నాలుగు మాటలు రాయగలనని ఆ రోజు అనుకున్నాను. ఇప్పుడు అంత నమ్మకంగా చెప్పలేను.

సిస్టర్ గారిది బాపట్ల వైపు. ఇరవై రెండేళ్ల వయసులో నర్సుగా ఢిల్లీ వచ్చి, ఒకే ఆసుపత్రిలో ముప్ఫై ఆరేళ్లు పనిచేశారు. రిటైరయ్యాక ఆర్.కె. పురంలో కొడుకు క్వార్టర్‌కి వచ్చారు. ఆ కింది క్వార్టర్‌లో నేను, మా అమ్మాయి కుటుంబం. నేను లెక్కల టీచరుని. మా రెండిళ్లకీ మధ్య పద్దెనిమిది మెట్లు.

మొదటిసారి ఆమెను ఆ మెట్ల మీదే చూశాను. తలకి హెల్మెట్, భుజాన సన్న టైర్ల సైకిలు. ఈ వయసులో ఎందుకండీ ఇదంతా అన్నాను. "ముప్ఫై ఆరేళ్లు వార్డుల్లో నిలబడే ఉన్నాను టీచరుగారూ. ఇక కూర్చుని తిరుగుదామని" అన్నారు. అంటూనే నా మణికట్టు పట్టుకుని గడియారం చూశారు. ఎవరినైనా అలాగే పలకరించేవారు, నాడి చూస్తూ.

ఆదివారం చర్చి. మిగతా రోజుల్లో తెల్లవారుతూనే ధౌలా కువాన్ ఫ్లైఓవర్. ఎక్కడం, దిగడం, మళ్లీ ఎక్కడం. "ఢిల్లీలో కొండలేవండీ? దీన్నే కొండ అనుకోవాలి" అనేవారు.

అసలు కొండ కోసం ఏటా అక్టోబరులో గఢ్వాల్ వెళ్లేవారు. ఐదారుగురు సైకిళ్ల మీద రుద్రప్రయాగలో బయల్దేరి, ఊఖీమఠ్, చోప్తా, గోపేశ్వర్ మీదుగా మూడు రోజుల్లో మళ్లీ రుద్రప్రయాగ చేరేవారు. చోప్తా చుట్టూ ఉన్నది రక్షిత అరణ్యం. చెట్లు ఆగిపోయిన చోట పచ్చిక మైదానాలు, వాటి వెనక మంచు కొండలు, కస్తూరి జింకలు, రంగురంగుల మొనాల్ పిట్టలు. ఇవన్నీ నేను చూసినవి కావు, విన్నవి. అడవి మొదలయ్యే గేటు దగ్గర సిస్టర్ గారు సైకిలు గంటకి ఆసుపత్రి ప్లాస్టరు చుట్టేవారట, గతుకుల్లో కూడా మోగకుండా. తిన్న అరటిపండ్ల తొక్కలు సంచిలో కట్టి ఢిల్లీ దాకా తెచ్చి మా వీధి చెత్తడబ్బాలో వేసేవారు. "అది వాళ్ల ఇల్లండీ. మన తొక్కలు వాళ్లకెందుకు?" అనేవారు. వాళ్లంటే పిట్టలు, జింకలు.

ఈ ప్రయాణాల్లో నా పని ఒకటే. ఆమె ప్రతి మజిలీలో బయల్దేరే ముందు ఒకసారి, చేరాక ఒకసారి ఫోన్ చేసేవారు. నేను పుస్తకంలో రెండు గడుల్లో సమయాలు రాసేదాన్ని. "మీరు రాస్తేనే నేను చేరినట్టు" అనేవారు.

మా మనవరాలు గ్రేటర్ నోయిడాలో ఇంజనీరింగ్ చదువుతూ హాస్టల్లో ఉంటుంది. శని, ఆదివారాలు ఇంటికి వచ్చి సిస్టర్ గారి వెంటే తిరిగేది. మూడేళ్ల కిందట ఆమె కిందికి వచ్చి, "ఈసారి పిల్లని నాతో పంపండి టీచరుగారూ" అని అడిగారు. మా ఇంట్లో ఎవరు ఎక్కడికి వెళ్లాలన్నా నన్ను దాటి వెళ్లాలి. ఊఖీమఠ్ నుంచి చోప్తాకి ముప్ఫై కిలోమీటర్ల ఘాట్ రోడ్డు. నేను కాదనలేదు, షరతు పెట్టాను. "ముందు మీరు ఒక్కసారైనా సైకిలు దిగి నడవకుండా పైకి వెళ్లి రండి. అప్పుడు పంపుతాను."

"అచ్ఛా, ఠీక్ హై" అన్నారు. మనవరాలు నా వైపు చూసి తలుపు గట్టిగా వేసుకుని లోపలికి పోయింది.

ఆ ఏడు చోప్తా నుంచి ఫోన్ వచ్చింది. ముందు గాలి హోరు, తర్వాత ఎగఊపిరి, ఆ తర్వాత ఆమె గొంతు. "రాసుకోండి టీచరుగారూ. చేరాను. కానీ దిగాను. చివరి ఎనిమిది కిలోమీటర్లూ నడకే." నేను రాసుకున్నాను. మరుసటి ఏడు, "దిగాను. ఐదు కిలోమీటర్లు." కిందటి అక్టోబరులో, "దిగానండీ. రెండే." ప్రతిసారీ పిల్ల నా పక్కనే నిలబడి వినేది. మూడోసారి ఫోన్ లాక్కుని, "ఆంటీ, సిర్ఫ్ దో కిలోమీటర్! దిగకపోతే ఏం?" అని ఏడ్చినంత పని చేసింది.

తిరిగి వచ్చాక సిస్టర్ గారు మళ్లీ అడిగారు. "రెండే కదండీ మిగిలింది. పిల్లని పంపకూడదూ?"

"రెండే కదా, వచ్చే ఏడు చూద్దాం" అన్నాను.

ఆమె నవ్వారు. "మేం చార్టులో జ్వరం రాస్తాం టీచరుగారూ. రోగిని చూడాలంటే మంచం దగ్గరికి వెళ్లాల్సిందే" అన్నారు. నాకప్పుడు అది సమాధానంలా అనిపించలేదు. ఆ చలికాలంలోనే మంచం పట్టారు.

చర్చిలో ఆమె కోసం జరిగిన ప్రార్థన అయ్యాక, ఆమెతో ఏటా కొండకు వెళ్లే అతను వచ్చి పలకరించాడు. హైదరాబాద్ అబ్బాయి, గురుగ్రామ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పాపం, చివరి రెండు కిలోమీటర్లు మిగిలిపోయాయి కదా అన్నాను. అతను తెల్లబోయాడు.

"ఏం మిగిలినయండీ? ఆంటీ ఒక్కసారి కూడా దిగలే. దిగి నడిచింది మేము. మేం పోయేసరికి ఆమె పైన చాయ్ తాగుతుండె."

"మరి నాతో దిగానని..."

"మీతోని అట్లనే చెప్పేది. మేం పైకి చేరినంక ఆమెనే మాకు చెప్పేది. ఎందుకట్ల చెప్పినవ్ ఆంటీ అని అడిగితే, 'లెక్క ఆవిడ దగ్గరే ఉందిలే' అని నవ్వేది."

ఇంటికి వచ్చి పుస్తకం తీశాను. మొదటి ఏడు ఊఖీమఠ్‌లో ఆరు పదికి బయల్దేరారు, చోప్తాకి పది ఇరవై అయిదుకి చేరారు. రెండో ఏడు ఆరు అయిదుకి, పదింబావుకి. మూడో ఏడు ఆరు ఇరవైకి, పది ముప్ఫై అయిదుకి. నలభై ఏళ్లు పిల్లల చేత తీసివేతలు చేయించిన దాన్ని, ఆ రెండు గడుల్నీ ఒక్కసారీ తీసివేయలేదు. నాలుగుంబావు గంటలు. నాలుగు గంటల పది నిమిషాలు. మళ్లీ నాలుగుంబావు. ఎనిమిది కిలోమీటర్లు సైకిలు తోసుకుంటూ నడిచిన మనిషికీ, రెండే నడిచిన మనిషికీ ఒకే సమయం ఎలా పడుతుంది? మూడో తరగతి పిల్ల కూడా అడిగే ప్రశ్న. ఆమె చెప్పిన మాట ముందు రాసుకుని, ఆమె ఇచ్చిన అంకెల్ని పక్కన పెట్టాను.

అంతవరకు అర్థమైంది. ఆ తర్వాతదే అర్థం కావడం లేదు. చేసినదాన్ని చేయలేదని ఎందుకు చెప్పుకున్నారు? ఏదో ఒక రోజు నేనే లెక్క చేసి చూసుకుంటానని ఎదురుచూశారా? లెక్కతో పని లేకుండా, నా అంతట నేను "తీసుకెళ్లండి" అనాలని చూశారా? వాళ్లబ్బాయిని అడిగితే ఇంకో సంగతి చెప్పాడు. రెండో ఏడే గుండె డాక్టరు కొండలు మానేయమన్నాడట. అలాంటి గుండెతో పిల్లని ఆ దారిలో వెంట తీసుకెళ్లడానికి ఒక నర్సు భయపడి ఉండవచ్చు. అయితే ఏటా వచ్చి అడగడం ఎందుకు? ఆ సంగతి తెలియక ముందు, మొదటి ఏడే దిగానని చెప్పడం ఎందుకు? ఒకదానికి సరిపోయిన కారణం ఇంకోదానికి సరిపోవడం లేదు. అన్నీ కలిపినా శేషం మిగులుతోంది.

ఒకటి మాత్రం ఇప్పుడు తెలుస్తోంది. ఫోన్‌లో ఆ ఊపిరి నడిచి వచ్చిన మనిషి ఊపిరి కాదు. మూడుసార్లు విన్నాను.

పుస్తకంలో మూడు చోట్ల "దిగారు" అని ఉంది. దిద్దడానికి పెన్సిలు తీసుకున్నాను. అది ఆమె చెప్పిన మాట. చేయి రాలేదు.

కిందటి శనివారం మనవరాలు వచ్చినప్పుడు, అక్టోబరులో సిస్టర్ గారి సైకిలు జట్టుతో కొండకు వెళ్లమన్నాను. అది నమ్మలేదు.

"సచ్‌మే, అమ్మమ్మా? షరతు ఏంటి?"

"ఏమీ లేదు."

"దిగొచ్చా?"

"నీ ఇష్టం. చేరాక ఫోన్ చెయ్యి."

సిస్టర్ గారి సైకిలు పిల్లకే ఇవ్వమని చెప్పి వెళ్లారట. వాళ్లబ్బాయి తెచ్చి మా గుమ్మంలో పెట్టాడు. మర్నాడు తెల్లవారగానే మనవరాలు సైకిలు భుజాన వేసుకుని, ధౌలా కువాన్ ఫ్లైఓవర్‌కి వెళ్తున్నానని మెట్లు దిగింది. నేను బాల్కనీలో నిలబడ్డాను. గేటు దగ్గర ఆగి, తల పైకెత్తి, నా కోసం గంట కొట్టింది. గంటకి కిందటి అక్టోబరు ప్లాస్టరు ఇంకా చుట్టే ఉంది. మూసిన తలుపు మీద వేలితో కొట్టినట్టు ఒక్క చప్పుడు వచ్చింది. పిల్ల చేత్తో తడిమి చూసుకుంది, తీయలేదు, అలాగే వెళ్లిపోయింది.

మొదటి గడిలో అయిదు నలభై అని రాసి, పుస్తకం తెరిచి ఉంచి, ఫోన్ పక్కన పెట్టుకుని కూర్చున్నాను.