నేను వేసిన సున్నా

ఉద్యోగ విరమణ తరువాత కూడా మా లోయలోని ఆసుపత్రిలో వారానికి నాలుగు రోజులు నర్సుగా పనిచేస్తున్నాను. ఆడవాళ్ల వార్డులో గోడవారగా ఉన్న ఆరు మంచాలు ఎదిగే పిల్లలవి. వాళ్లు ఇతరులతో ఎలా ఉంటున్నారో, మనసు విప్పి మాట్లాడే చికిత్సకు సిద్ధంగా ఉన్నారో లేదో చూసి కాగితం మీద ఒక్కో గడిలో మార్కులు వేయడం నా పని. ఆ చికిత్స చేసే ఆమె బుధవారం మాత్రమే వస్తుంది. మార్కులు చాలనివాళ్లను ఇంటికి పంపేస్తారు.

తిండి మానేసిందని హాస్టలు నుంచి తెచ్చిన పదిహేనేళ్ల అమ్మాయి పదకొండు రోజులు ఉంది. నాకు డ్యూటీ ఉన్న రోజుల్లో రెండేసిసార్లు, ఇరవయ్యేసి నిమిషాలు గడియారం చూసి మరీ గమనించాను. నాతో ఒక్క మాట లేదు. నా కళ్లలోకి చూసిందే లేదు.

పక్క మంచం మీద కాలు విరిగిన ముసలమ్మ ఉండేది. మధ్యాహ్నం పూట ఈ పిల్ల ఆమె తల ఒళ్లో పెట్టుకుని పేలు చూసేది. ఆరో రోజున అది నా కంటపడింది. ఇద్దరినీ మందలించి, ముసలమ్మ తలకు మందు రాయించి, పిల్ల మంచాన్ని తలుపు దగ్గరికి మార్పించాను. పదకొండో రోజున 'ఇతరులతో సంబంధం' అన్న గడిలో సున్నా వేసి, చికిత్సకు సిద్ధంగా లేదని రాశాను. నా మీది నమ్మకంతో డాక్టరు సంతకం పెట్టింది. శనివారం తండ్రి వచ్చి తీసుకుపోయాడు.

సోమవారం ముసలమ్మ డిశ్చార్జి. మూట కట్టుకుంటూ పిల్ల ఏదని అడిగింది. ఎవరితోనూ మాట్లాడదు, పంపేశామన్నాను.

"మాటాడదేటి నర్సమ్మా? పేలు సూత్తా అన్నీ నాకు సెప్పీది. హాస్టల్లో ఏటయిందో సెప్పబోతంటే నువ్వొచ్చి మంచం లాగీసినావు." మూట ముడి బిగించి, "నీ కాయితంలో పేలకి గడి నేదేటి?" అంది.

ముప్పై ఆరేళ్లుగా ఈ కొండల్లో ఉన్నాను. ఇక్కడి ఆడవాళ్లు కష్టసుఖాలు చెప్పుకునేది పేలు చూసుకునేటప్పుడేనని నాకు తెలుసు. అరుగు మీద కనిపిస్తే ముచ్చటపడతాను. వార్డులో కనిపించేసరికి అది నాకు మురికిగా తోచింది.

మంగళవారం డాక్టరుకు జరిగింది చెప్పి, షేరు జీపులో వాళ్ల ఊరు వెళ్లాను. తప్పు నాదని, రేపు పిల్లను తీసుకురమ్మని తండ్రిని అడిగాను. దాని ఇష్టమన్నాడు. పిల్ల గుమ్మంలోకి వచ్చింది.

"ఆ ముసిలవ్వ ఉందా?"

నాతో ఆ పిల్ల అన్న మొదటి మాట అది. నిన్ననే పంపేశామన్నాను. నన్నొకసారి చూసి లోపలికి వెళ్లిపోయింది. జీపు వచ్చేదాకా గంటా పది నిమిషాలు వాకిట్లో నిలబడ్డాను.

బుధవారం పిల్ల రాలేదు. ముసలమ్మ ఊరు ఏదో రిజిస్టరులో చూశాను. ఆ కాలితో ఆమె రావడం కష్టం కనుక, పిల్లనే అక్కడికి తీసుకువెళ్తానని తండ్రికి కబురు పంపాను. నేటికి తొమ్మిది రోజులు. జవాబు లేదు.