అరువు గ్లోబు, ‘బ్యాక్’ పాఠం

1984 జూన్‌లో మాచవరం వైపు ఒక ఊరి హైస్కూలుకు నన్ను ఇంగ్లీషు స్కూల్ అసిస్టెంటుగా వేశారు. ఊరి పేరు చెప్పను. అక్కడివాళ్ళు ఇలాంటివి మరిచిపోయే రకం కాదు. మొదటి రెండేళ్ళు ప్రొబేషను. ఆ గడువులో డిప్యూటీ డి.ఇ.ఓ. ఇన్‌స్పెక్షనుకు వచ్చి, వెనక బెంచీ మీద కూర్చుని పాఠం విని, ‘తృప్తికరం’ అని రాస్తే ఉద్యోగం ఖాయం. రాయకపోతే ప్రొబేషను పొడిగిస్తారు. నాకు ముందు ఆ పోస్టులో ఉన్నాయనకు రెండుసార్లు పొడిగించారు. మూడోసారి ఆ శ్రమ ఇవ్వకుండా ఆయన నరసరావుపేటలో ఎరువుల కొట్టు పెట్టుకున్నాడు.

మా ఇన్‌స్పెక్షను ఫలానా బుధవారం అని ముందుగానే కాగితం వచ్చింది. ఆ రోజుల్లో ఇన్‌స్పెక్షనుకు మేష్టర్ల కంటే ముందు తయారు కావలసింది సామాను. స్టాకు రిజిస్టరులో ఒక గ్లోబు, ఒక మైక్రోస్కోపు ఉన్నట్టు రాసి ఉంది. రిజిస్టరులో భద్రంగానే ఉన్నాయి, బీరువాలోనే లేవు. దీనికి చుట్టుపక్కల హెడ్మాస్టర్ల మధ్య ఒక ఏర్పాటుంది. ఏ స్కూల్లో ఇన్‌స్పెక్షను అయితే ఆ స్కూలుకు పక్క ఊరి సామాను ఒకరోజు ముందు చేరుతుంది, మర్నాడు వెళ్ళిపోతుంది. రవాణా బాధ్యత మా ఊరి మెకానిక్ మస్తాన్‌ది. ఎవరిదో ట్రాక్టరు బాగుచేసి, ట్రయల్ పేరుతో పక్క ఊరికి వెళ్ళి, మంగళవారం సాయంత్రానికి గ్లోబూ మైక్రోస్కోపూ గోనెసంచిలో చుట్టి తెచ్చాడు.

నేను ఎంచుకున్న పాఠం ‘బ్యాక్’ అనే మాట. గివ్ బ్యాక్, టేక్ బ్యాక్, కమ్ బ్యాక్, సెండ్ బ్యాక్. మనకు ‘తిరిగి’ అనే మాట క్రియకు ముందు వస్తుంది, ఇంగ్లీషులో ఈ ‘బ్యాక్’ క్రియ తర్వాత వస్తుంది. వస్తువు పేరు బదులు ‘ఇట్’ అంటే అది రెండింటి మధ్యా దూరుతుంది: గివ్ ఇట్ బ్యాక్. అసలు చిక్కు వేరే ఉంది. మావైపు మాటల్లో చాలాసార్లు ‘తిరిగి’ కూడా ఉండదు. “నా పెన్ను ఇచ్చెయ్” అంటే పెన్ను ఎవరిదో, ఎటు పోవాలో అందరికీ తెలుసు. అందుకని పిల్లలు ఇంగ్లీషులోనూ ఒట్టి ‘గివ్’తో సరిపెట్టేవారు. దాన్ని మాన్పించడానికి వస్తువు చేతికిచ్చి, తీసుకుని, ఆ పని చేస్తూ వాక్యం చెప్పించాలి. దీన్ని ట్రెయినింగులో ‘సిట్యుయేషన్ కల్పించడం’ అనేవారు.

వారం రోజులు ఎనిమిదో తరగతితో సుద్దముక్కల డబ్బా, డస్టరు పెట్టి రిహార్సలు చేయించాను. చివరి పదినిమిషాలకు పిల్లలు సొంతంగా వాక్యాలు చెప్పాలని పాఠ్య పథకంలో నేనే రాసుకున్నాను. ఆ వాక్యాలను మాత్రం రిహార్సలు చేయించలేదు. సొంతంగా అన్నాక చేయించడం అన్యాయమనిపించింది. ఇప్పుడైతే ఆ అన్యాయం సంతోషంగా చేస్తాను.

బుధవారం రెండో పీరియడుకు డిప్యూటీ గారు వచ్చి వెనక కూర్చున్నారు. పక్కన మా హెడ్మాస్టరు గారు. శోభ కోసం గ్లోబునూ మైక్రోస్కోపునూ నా బల్ల మీదే పెట్టించారాయన. పాఠం సాఫీగా నడిచింది. డస్టరు పోయింది, వచ్చింది. ధైర్యం వచ్చి, “ఇప్పుడు ఈ గదిలో ఉన్న వస్తువు గురించి ఎవరైనా ఒక వాక్యం చెప్పండి” అన్నాను.

మస్తాన్ కూతురు ఫాతిమా చెయ్యెత్తింది. ఏడాది పొడుగునా చెయ్యెత్తని పిల్ల. లేచి స్పష్టంగా, “మై ఫాదర్ విల్ టేక్ ద గ్లోబ్ బ్యాక్ టుమారో” అంది.

వాక్యంలో తప్పు లేదు. ‘గుడ్’ అనకపోతే మేష్టారుగా చెడిపోతాను, అన్నానంటే ఉద్యోగిగా చెడిపోతాను. ‘గుడ్’ అన్నట్టే ఉంది. ఆ మెప్పు చూసి రెండో బెంచీ నుంచి ఇంకొకడు తన వాక్యంలో మైక్రోస్కోపును కూడా పంపించేశాడు. హెడ్మాస్టరు గారు కండువాతో మెడ తుడుచుకోవడం మొదలుపెట్టారు.

డిప్యూటీ గారు తెలుగులో అడిగారు: “ఎక్కడికమ్మా తీసుకెళ్ళేది?”

ఫాతిమా నావైపు చూసింది. నేను గోడవైపు చూశాను.

“యాడనించి తెచ్చాడో ఆడికే సార్. మా అబ్బా మాటంటే మాటే. రేపు పొద్దున కల్లా ఇచ్చేస్తాడు.”

ఆయన నోటుపుస్తకంలో ఏదో రాసుకుని లేచి వెళ్ళిపోయారు. అప్పటినుంచి సాయంత్రం నాలుగింటికి డిప్యూటీ గారు మమ్మల్ని పిలిచేదాకా హెడ్మాస్టరు గారు వరండాలో నా వెనకే తిరిగారు. “ఏందయ్యా, లోకంలో ఇంకో పాఠమే దొరకలా నీకు? పోయినోళ్ళూ వచ్చినోళ్ళూ ఎందుకు మనకి? చానా బాగా జెప్పావులే, పిల్లలకి బ్రహ్మాండంగా వచ్చింది!” అని, “ఎరువుల కొట్టుకి పెట్టుబడి ఉందా?” అని అడిగారు. నేను అప్పటికే ఉద్యోగం ఖాయమవుతుందన్న ఆశను వదిలి, డి.ఎ.పి. బస్తాల గురించి ఆలోచిస్తున్నాను.

హెడ్మాస్టరు గదిలోకి వెళ్ళేసరికి డిప్యూటీ గారు గ్లోబును తిప్పుతున్నారు. ఆస్ట్రేలియా పక్కన ఒక సొట్ట ఉంది. దాని మీద వేలుపెట్టి, “సోమవారం ఈ సొట్టను ఇంకో బల్ల మీద చూశాను. పోయిన ఏడాది మూడు చోట్ల చూశాను” అన్నారు. హెడ్మాస్టరు గారి వైపు తిరిగారు. “వాళ్ళది వాళ్ళకు పంపించెయ్యండి. రిజిస్టరులో ఉన్నది ఏమైందో నాకు రాతపూర్వకంగా చెప్పండి.”

నాకేసి చూసి, పుస్తకం బయటి వాక్యాలు ఎప్పటినుంచి చెప్పిస్తున్నానని అడిగారు. ఇవాళే మొదలని చెప్పాను. అది నిజం. ఆయన నవ్వలేదు.

రిపోర్టు కాపీ నెల తర్వాత వచ్చింది. నా గురించి ఒక్క వాక్యం: పిల్లలు గదిలోని వాస్తవ విషయాల మీద సొంత వాక్యాలు చెప్పగలుగుతున్నారు, తృప్తికరం. అది మెప్పో చురకో నాకు ఇప్పటికీ తేలలేదు. ప్రొబేషను మాత్రం పూర్తయింది. హెడ్మాస్టరు గారికి సంజాయిషీ నోటీసు వచ్చింది. ఆయన నాతో మాట్లాడటానికి దసరా దాకా పట్టింది.

రిటైరయ్యేదాకా ఏటా అదే పాఠం అలాగే చెప్పాను. మార్చింది ఒకటే: చాక్‌పీసు పట్టుకునే ముందు బల్ల మీద ఉన్నవాటిలో ఏది మనదో చూసుకునేవాణ్ణి. పిల్లలకు సొంతంగా మాట్లాడటం నేర్పితే వాళ్ళు ముందు తమకు తెలిసిందే చెబుతారు. దానికి సిద్ధంగా లేని మేష్టారు డస్టరు దగ్గరే ఆగిపోవాలి.