పేరు చెప్పని ఆకు

దగ్గరికి జరగండి, ఆ చాప ఇటు లాక్కొని కూర్చోండి. గొంతు పెంచి చెప్పే ముచ్చట కాదిది.

మొన్నటి ఎండాకాలం తార్నాకలో నా బిడ్డ శిరీష ఇంటికి పోయి చెప్పులు విడుస్తుంటే, వంటింట్లోంచి వచ్చిన వాసనకు నా కాళ్ళు గడప మీదే ఆగిపోయాయి. వగరు, చేదు, తడిమట్టి కలిసిన కషాయం వాసన. అది నా ముక్కుకు తగలక నలభై ఏళ్ళు దాటింది. శిరీషకు అప్పుడు మూడో నెల, మెతుకు కడుపులో నిలవడం లేదు. స్టీలు గ్లాసు ఊదుకుంటూ నన్ను చూసి నవ్వబోయింది. నేను ఆ గ్లాసు గుంజుకొని సింకులో ఒంపేశాను.

"ఏందమ్మా, పిచ్చి లేసిందా నీకు?" అన్నది.

పిచ్చి కాదు. ఆ వాసన వెనక మా అమ్మ ఉంది.

మా నాయన యూనివర్సిటీలో మాలి. క్యాంపస్ వెనక వైపు బండరాళ్ళ నడుమ, పనివాళ్ళకు కట్టిన రేకుల క్వార్టర్లలో ఉండేవాళ్ళం. ఎండాకాలం రేకులు కాలి నెత్తి మాడితే తడిగోనెలు పైకెక్కించేవాళ్ళం, వానాకాలం బండల మీంచి జారిన నీళ్ళు వాకిట్లో కాలవ కడితే అందులోనే కాళ్ళు పెట్టుకొని కచ్చకాయలు ఆడేవాళ్ళం, చలి మొదలవుతుందనగా గుట్ట మీద సీతాఫలాలు కళ్ళు తెరిస్తే కోసుకొచ్చి బియ్యం డబ్బాలో మాగేసేవాళ్ళం. ఇక బతుకమ్మ వచ్చిందంటే పిల్లలందరి చేతులూ పువ్వుల చేతులే. తెల్లారేసరికి తంగేడు, గునుగు తెంపుకొచ్చి వాకిట్లో కుప్పపోస్తే అవ్వ పేర్చేది, లోపల అమ్మ నువ్వులు వేయించి బెల్లంతో దంచేది, చపాతీలు నలిపి మలీద ముద్దలు కట్టేది. హాస్టల్లో చదివే ఆడపిల్లలు కూడా చున్నీలు నడుముకు చుట్టుకొని మాతో చప్పట్లు వేయడానికి వచ్చేవాళ్ళు.

అవ్వ అంటే మా నాయన తల్లి. నల్లరాతి కల్వం ముందు పెట్టుకొని, ఒక కాలు చాపుకొని కూర్చుంటే, ఆ క్వార్టర్లలో ఎవరి పిల్లకు కడుపునొప్పి వచ్చినా, ఎవరికి చెవిలో చీము పట్టినా ఆ కాలి దగ్గరికే వచ్చేవాళ్ళు. రూపాయి ముట్టేది కాదు. ఆమె మందుకు కట్టుబాటు ఒకటుండేది. కాకి వాలకముందే ఆకు తెంపాలి, మన నీడ చెట్టు మీద పడొద్దు, తిరిగి వచ్చేదాకా ఎవరు పలకరించినా పలకొద్దు. అన్నిటికంటే గట్టిది, ఆ ఆకు పేరు ఎవ్వరికీ చెప్పొద్దు. ఆమె మోకాళ్ళు వంగడం మానేసిన నాటి నుంచి ఆకు తెంపే పని నాది. నాకప్పుడు తొమ్మిదేళ్ళు.

"ఎవ్వలడిగినా నోరు తెరవకు బిడ్డా. పేరు బయటవడ్డ మందు పనిచెయ్యది" అనేది.

ఆ ఏడు అమ్మ మళ్ళీ నీళ్ళోసుకుంది. ఏడో నెలలో కాళ్ళు ఉబ్బాయి, తర్వాత మొహం ఉబ్బింది. మెట్టెలు వేళ్ళలోకి దిగిపోతే సబ్బు రాసి తీశారు. తల పగిలిపోతోందని నుదుటికి చీరకొంగు బిగించుకొని, కళ్ళ ముందు మిణుగురులు తిరుగుతున్నాయంటూనే నువ్వులు దంచింది. దవాఖానకు పోదామని నాయన అంటే అవ్వ నవ్వింది.

"నిన్ను కన్నప్పుడు నాకు ఇంతకంటె ఎక్కువ వాపులుండె. నీళ్ళు గుంజే ఆకు తాపితే నాలుగొద్దులల్ల దిగుతది."

అమ్మ మీద ప్రేమ లేక కాదు. రోజూ తన కంచంలోని పెరుగు అమ్మకు వేసిన మనిషి. పొద్దున్నే నేను తెచ్చిన ఆకు తనే నూరి, తనే పిండి, అమ్మ గడ్డం పట్టుకొని చంటిపిల్లకు తాగించినట్టు తాగించింది. మూడు రోజులు తాగింది. నా వేళ్ళకు అంటిన పసరు ఎంత తోమినా పోలేదు. బతుకమ్మ పువ్వులు కోసిన చేతులే అనుకున్నారు అందరూ.

నాలుగో రోజు మధ్యాహ్నం, పిండి జల్లెడ పడుతున్న అమ్మ నడుము పట్టుకొని అట్లాగే కూలబడింది. చీర తడిసింది. పక్కింటివాళ్ళు రిక్షా పిలుచుకొస్తే అమ్మతో పాటు అవ్వా, నేనూ ఎక్కాం. నాయన ఎక్కడో తోటలో పనిలో ఉన్నాడు, ఆయనకు కబురుపోయింది. దవాఖానలో లేడీ డాక్టరు అమ్మ చేతికి పట్టీ చుట్టి చూసి, అవ్వ వైపు తిరిగింది.

"బీపీ చానా ఎక్కువున్నది. ఏమన్న తాపిండ్రా? పసరు, నాటుమందు?"

"ఏం లేదు తల్లీ. గంజి తాగింది, గంతే."

"పెద్దమ్మా, నిన్ను తిట్టనీకె అడుగుతలేను. నేనిచ్చే మందు దానికి పడాలె కద, గందుకు అడుగుతున్న."

అవ్వ తల అడ్డంగా ఊపింది. నా చెయ్యి ఆమె చేతిలో ఉంది, పిప్పి అయ్యేట్టు నొక్కింది. డాక్టరమ్మ నన్ను కూడా చూసింది. "నీకేమన్న తెలుసా పాపా?" అని అడిగింది. నేను పసరు వేళ్ళను లంగా కుచ్చిళ్ళలో దాచుకున్నాను. మీరు నమ్మండి, నేను దెబ్బలకు భయపడి దాచలేదు. పేరు చెబితే మందు పనిచెయ్యదు, మందు పనిచెయ్యకపోతే అమ్మ చచ్చిపోతుంది. నాకు తెలిసింది అంతే. అమ్మను బతికించుకోవడానికే నోరు మూసుకున్నాను.

లోపల్నుంచి అమ్మ మూలుగు వినబడుతూనే ఉంది. నాయన వచ్చేసరికి కిటికీలో ఎండ ఎర్రబడింది. ఆయన మోకాళ్ళ మీద కూర్చొని నా చేతులు పట్టుకున్నాడు, వేళ్ళు చూశాడు, వాసన చూశాడు. చెట్లతో బతికే మనిషికి ఒక్క వాసన చాలు. ఏమీ అడగకుండా నన్ను ఎత్తుకొని లోపలికి ఉరికి, ఆ పేరు తనే చెప్పాడు.

అమ్మ దక్కింది. తమ్ముడు దక్కలేదు. తెల్లగుడ్డలో చుట్టి ఇచ్చారు, మొహం నాకు చూపించలేదు. నాయన అడిగితే డాక్టరమ్మ ఒక్కటే చెప్పింది. "ఆకు చేసిందా, బీపీ చేసిందా, నేను ఖచ్చితంగా చెప్పలేను. మొహం ఉబ్బిన దినమే తేవాల్సిండె. ఏం తాపిండ్రో పగటీలి నేనడిగినప్పుడు చెప్పినా జర ముందుగాల నా చెయ్యి పడుతుండె."

ఆ ఏడు మా వాకిట్లో బతుకమ్మ లేదు, తెచ్చిన తంగేడు కుప్పలోనే వాడిపోయింది. అవ్వ మళ్ళీ కల్వం ముట్టలేదు. పోయేముందు నన్ను పిలిచి, "చెప్తె పనిచెయ్యదనుకున్న బిడ్డా" అన్నది. నేను కూడా అట్లాగే అనుకున్నానని ఆమెకు చెప్పలేకపోయాను.

ఇదంతా శిరీషకు ఆ రోజే చెప్పాను. వింటూ వింటూ దాని మొహం పాలిపోయింది.

"అమ్మా, ఇంకోటున్నది" అన్నది. వాంతులకని హబ్సిగూడలో ఎవరి దగ్గరో ఆక్యుపంక్చర్ అని ఒంటి మీద సన్నటి సూదులు పెట్టించుకుంటోందట. మూడు నెలలు నిండేదాకా ఎవరికీ చెప్పొద్దని అత్తగారన్నారని, కడుపుతో ఉన్న సంగతి దాచి గ్యాస్ అని చెప్పిందట.

తెల్లారి ఇద్దరం పోయాం. సంగతి చెప్పగానే ఆ సూదులమ్మ కుర్చీలోంచి లేచింది. "ముందే చెప్పాలి కదమ్మా! కడుపుతో ఉన్నవాళ్ళకు కొన్నిచోట్ల మేం సూది పెట్టనే పెట్టం" అన్నది. అక్కడినుంచి, శిరీష కషాయం కాచుకుంటున్న పొడి పొట్లం పట్టుకొని డాక్టరు దగ్గరికి పోయాం. దాని మీద ఏం కలిపారో ఒక్క ముక్క రాసి లేదు. ఆమె దాన్ని పక్కన పడేయించింది. వాంతులకు సూదులు కావాలంటే గర్భిణులకు పెట్టడం నేర్చినవాళ్ళ దగ్గర, తనకు చెప్పి పెట్టించుకోమన్నది. తలనొప్పి వచ్చినా, వాపు వచ్చినా, చుక్క రక్తం కనబడినా ఏ సూదీ ఏ ఆకూ చూడకుండా నేరుగా తన దగ్గరికే రమ్మన్నది.

ఇప్పుడు దానికి ఏడో నెల. పోయిన వారం నుంచి పాదాలు ఉబ్బుతున్నాయి, బీపీ ఎక్కుతోంది. రెండు రోజులకోసారి చూపించుకొని వస్తున్నాం, ఇచ్చిన మాత్రలు వేస్తున్నాం. నిన్న మెట్టెలు నేనే సబ్బు రాసి తీశాను. ఏమవుతుందో నాకు తెలియదు.

మా క్వార్టర్లు ఎప్పుడో కూలగొట్టారు. కచ్చకాయలాడిన కాలవ మీద రోడ్డు పడింది, ఆ ఆకు చెట్టున్న చోట బండ్లు నిలుపుతున్నారు. అమ్మ లేదు, నాయన లేడు, పేరు పెట్టని తమ్ముడు లేడు. అవ్వ కల్వం మాత్రం నా దగ్గరుంది, అందులో అల్లం వెల్లుల్లి తప్ప ఏదీ నూరను. ఆ ఆకు పేరు మీకూ చెప్పలేదు, చూశారా. మందు పనిచెయ్యదని కాదు, విన్నవాళ్ళెవరైనా నూరతారని.

పొద్దుపోయింది, ఇక లేవండి. మీ ఇంటి దీపం కొండెక్కకుండా ఉండాలి. మీ ఇంట నీళ్ళోసుకున్న ఆడబిడ్డ ఏం తాగిందో, ఎక్కడ నొస్తోందో ఎవరికీ భయపడకుండా చెప్పగలగాలి, చెప్పిన మాట వినేవాళ్ళు ఆమె పక్కనే ఉండాలి. మీ వాకిట్లో తంగేడు ఏ ఏడూ వాడిపోకూడదు.