నేను ముంచిన పంటు

ఒక శుక్రవారం సాయంత్రం వశిష్ఠ గోదావరిలో నలభై ఇద్దరిని నిలువునా ముంచేశాను. అందులో మా బావగారు కూడా ఉన్నారు. పోలీసులు రాలేదు, గజ ఈతగాళ్ళు దిగలేదు, పాతికేళ్ళుగా నేను పనిచేస్తున్న పత్రికలో ఒక్క ముక్క పడలేదు. మునిగినవాళ్ళలో ఒకాయన ఏటి అడుగున నిలబడి, "ఇక్కడ చేపల్లేవేంటండి?" అని తీరిగ్గా అడిగారు. కంగారు పడకండి, వరసగా చెబుతాను. ఇది జరిగి నాలుగేళ్ళయింది. అప్పటికి నాకు యాభై నిండలేదు. కాబట్టి కుర్రతనం అనుకుని చదవండి.

మా అక్కయ్య భర్త సత్యంగారు. సఖినేటిపల్లి రేవు నుంచి నరసాపురం రేవుకి మనుషుల్నీ, బళ్ళనీ, గడ్డిమోపుల్నీ దాటించే పంటు మీద పంతొమ్మిదేళ్ళు సరంగుగా పనిచేశారు. అంటే దాన్ని నడిపేది ఆయనే. తర్వాత కువైట్ వెళ్ళి ఒక పెద్దింట్లో కారు నడుపుతున్నారు. ఎక్కడికి వెళ్ళినా ఆయన వెంట ఒక మాట వెళుతుంది. "పంతొమ్మిదేళ్ళలో ఒక్క మనిషిని నీళ్ళలో పడెయ్యలేదండి. ఒక్క మేకపిల్లని కూడా." ఏ పెళ్ళి భోజనంలోనైనా ఈ మాట చెప్పకుండా ఆయన పెరుగన్నంలోకి వెళ్ళింది లేదు.

గల్ఫ్‌లో ఉన్న మనవాళ్ళు కొందరు కలిసి ఇంటర్నెట్‌లోని ఒక మాయాలోకంలో చోటు తీసుకున్నారు. అందులో ఒక్కొక్కరికీ ఒక బొమ్మమనిషి ఉంటాడు. మనం మీటలు నొక్కితే వాడు నడుస్తాడు, మనం మాట్లాడితే వాడి నోట వినిపిస్తుంది. ఎవరికి కావలసిన వస్తువు వాళ్ళు కంప్యూటర్‌లో తయారుచేసి అక్కడికి ఎక్కించుకోవచ్చు. శుక్రవారం సెలవు కాబట్టి ఆ రోజు అందరూ చేరేవారు. గోదావరి పెట్టుకున్నారు, అటూ ఇటూ రేవులు పెట్టుకున్నారు, కొబ్బరిచెట్లు పెట్టుకున్నారు, టీకొట్టు కూడా పెట్టుకున్నారు.

ఒకరోజు నేను అక్కయ్యవాళ్ళింట్లో ఉండగా బావగారు ఫోన్ చేశారు.

"ఏరుంది, రేవుంది, పంటు లేదయ్యా. ఇటు మేం నిలబడతాం. అటు ఏసురత్నంగారు నిలబడతారు. చెయ్యి ఊపుకుని ఎవరి గదులకి వాళ్ళు పోతున్నాం."

ఏసురత్నంగారు నరసాపురం వైపు మనిషి, ఆయనా ఒకప్పటి సరంగే. ఇప్పుడు దోహాలో సూపర్‌వైజరు. ఇద్దరిలో ఎవరు గట్టి సరంగు అన్నది ముప్పై ఏళ్ళుగా తేలని సంగతి.

"నేను చేస్తానండి బావగారూ," అన్నాను.

అటునుంచి ముందు ఒక నవ్వు వినిపించింది.

"నువ్వా? మా పెళ్ళిలో కాగితాల తోరణం నీకప్పగిస్తే పురోహితుడి మీద పడింది, గుర్తుందా?"

"అప్పుడు నాకు పద్నాలుగేళ్ళండి."

"జిగురుకి నీ వయసుతో పనేంటయ్యా."

అక్కయ్య ఫోన్ లాక్కుంది. "చెయ్యనివ్వండి వాణ్ణి. పట్టుపడితే వదలడు. చేతకాదని తెలిసినా వదలడు."

ఇది పొగడ్తో కాదో ఆలోచించకుండా ఆ రోజే పనిలో దిగాను. అమలాపురంలో మా వీధిలోనే సునీతగారని పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పే ఆమె ఉన్నారు. ఆమె దగ్గర త్రీడీ బొమ్మలు చేయడం మొదలుపెట్టాను. మొదటి వారం పెట్టె చేయమంటే దోసకాయ వచ్చింది. రెండో వారం దోసకాయ చేద్దామని చూస్తే అదీ రాలేదు. మూడో వారానికి పెట్టె పెట్టెలా నిలబడింది. సునీతగారు ఊపిరి పీల్చుకుని, "ఆయ్, ఇప్పుడు నాకు నమ్మకం కుదిరిందండి సార్," అన్నారు.

తర్వాత ఒకప్పుడు బావగారు నడిపిన పంటునే కొలుద్దామని టేపు, నోటుపుస్తకం పట్టుకుని రేవుకి వెళ్ళాను. విలేకరి బుద్ధి కదా, కనబడినదల్లా రాసుకున్నాను. పలకలెన్ని, వాటిలో విరిగినవెన్ని, పక్కన వేలాడే టైర్లెన్ని, తుప్పు ఏ మూల ఎర్రగా ఉంది, ఏ మూల నల్లగా ఉంది. "ఉమ్మివేయరాదు" అన్న బోర్డునీ, సరిగ్గా దాని కిందే ఉన్న కిళ్ళీ మరకనీ ఫొటో తీసుకున్నాను. పంటు మీద పనిచేసే కాసులు నా వెనకే తిరుగుతూ అన్నీ చూశాడు.

"కిందది కూడా కొలుస్తారా అండి?"

"నీళ్ళలో ఉన్నదాన్ని ఎవరు చూస్తారయ్యా?"

"ఆయ్, అదీ నిజమేనండి," అన్నాడు కాసులు. గోదావరి జిల్లాల మర్యాద ఎంతమందిని ముంచిందో ఎవరైనా పరిశోధించాలి.

రెండు నెలలు పట్టింది. చివరికి పంటుని ఆ లోకంలోకి ఎక్కించి సఖినేటిపల్లి రేవులో కట్టేశాను. నా బొమ్మమనిషిని దానిమీద నిలబెట్టి పదిసార్లు గెంతించాను. మా తాతగారి పందిరిమంచంలా చెక్కుచెదరలేదు.

"కట్టేసి ఉంటే అంతేనండి సార్," అన్నారు సునీతగారు. "విప్పితేనే దాని బరువు దానికి తెలుస్తుంది. ఒకసారి విప్పి చూడండి."

"కొత్త పంటుకి మొదటిసారి కట్టు విప్పేది సరంగేనమ్మా. మా రేవులో అదే పద్ధతి. అది మా బావగారి హక్కు."

"పోనీ ఆయన చేతే విప్పించి..."

"శుక్రవారం విప్పుతారు. అందరి ముందూ."

ఆమె సరేనని లేచారు. నా మొహంలో అంత పట్టుదల కనిపించిందట.

శుక్రవారం రానే వచ్చింది. కువైట్, దోహా, మస్కట్, దుబాయ్, ఎక్కడెక్కడి మనవాళ్ళూ రేవులో దిగారు. ఏసురత్నంగారు కూడా ఆ రోజుకి ఇటువైపే వచ్చారు. లెక్కకి నలభై ఇద్దరు. నేను గట్టున నిలబడ్డాను. ఎక్కమనడం ఆలస్యం, అలవాటు ప్రకారం అందరూ ముందంచుకి పోయి ఒకరి మీద ఒకరు నిలబడ్డారు.

"వెనక్కి జరగండి బాబూ," బావగారి గొంతు పాత రోజుల్లోలా లేచింది. "అందరూ ముందుకొస్తే ఎలాగండి?"

"దిగాలి కదండి," అన్నాడొకాయన.

"ఇంకా బయల్దేరందే దిగడమేంటండి?"

"అటుపక్క బస్సు అందుకోవాలండి," అన్నాడు మస్కట్ నుంచి ఇంకొకాయన.

"ఇక్కడ బస్సెక్కడిదయ్యా?"

"లేదంటారా? అయితే నిదానంగానే దిగుతానండి," అన్నాడుగాని, అంచు మాత్రం వదల్లేదు.

బావగారి బొమ్మమనిషి చుక్కాని దగ్గరికి వెళ్ళి నిలబడింది. దాని చుట్టూ ఒకసారి తిరిగి చూసింది.

"ప్రసాదూ, దీనికి ఎడంపక్క గీత కూడా పెట్టేవా?"

"పెట్టానండి."

"అది నా ఉంగరం రాసుకుని పడ్డ గీతయ్యా." బొమ్మమనిషి ఆ గీత మీద చెయ్యి వేసింది. "బాగుంది."

ముప్పై అయిదేళ్ళ బంధుత్వంలో ఆయన నన్ను మెచ్చుకోవడం అదే మొదలు. ఆ సంతోషం ఎంతసేపు నిలిచిందంటే, ఆయన చెయ్యి చాచి కట్టు విప్పినంతసేపు. ఇంజను డుగుడుగుమంది. ఆ చప్పుడు నేను ఫోన్‌లో పట్టుకొచ్చిన అసలు చప్పుడే. పంటు ముందుకి కదల్లేదు. పక్కకి ఒరగలేదు. బావిలోకి చేద దిగినట్టు బుడుంగున కిందికి దిగిపోయింది.

నీళ్ళమీద ఒక్క టైరు కూడా తేలలేదు.

ఆ లోకంలో ఎవరూ చావరు. అంచేత నలభై ఇద్దరూ ఏటి అడుగున, ఎక్కినవాళ్ళు ఎక్కినట్టే, ముందంచున గుంపుగా నిలబడి ఉన్నారు. చేపల గురించి అడిగింది అప్పుడే. ఇంకొకాయన, "వచ్చేసేమా అండి?" అన్నారు. ఏసురత్నంగారైతే పంటు దిగి, అడుగునే నడుచుకుంటూ పోయి, నరసాపురం గట్టు మీద తేలారు.

"సత్యంగారూ, నేను వచ్చేసేనండి. మీరు నిదానంగా రండి."

బావగారు చుక్కాని వదల్లేదు. "అందరూ ఉన్నారా? ఎవరూ తప్పిపోలేదు కదా?" అని ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలిచి గట్టెక్కించారు. ఆఖరికి నావైపు తిరిగారు.

"ప్రసాదూ, దీనికి కింద పొట్ట ఉందా?"

"లేదండి."

"ఎందుకు లేదు?"

"నీళ్ళలో ఉండేదాన్ని ఎవరు చూస్తారులెమ్మని..."

"నీళ్ళు చూస్తాయయ్యా," అన్నారు.

తర్వాత వారం రోజులు ఆయన నా ఫోన్ ఎత్తలేదు. అక్కయ్య మాత్రం తనే చేసింది. "ఒరేయ్, ఆయనకి ఉన్నది ఒక్క మాట. అది కాస్తా ముంచేసేవు. ఇక పెళ్ళిళ్ళలో ఆయన ఏం చెప్పుకుని పెరుగన్నం తింటార్రా?"

అది తగలవలసిన చోట తగిలింది. సెలవు పెట్టాను. రేవులో వాకబు చేస్తే, పాత పంటు ఒకదాన్ని గీకి రంగు వేయడానికి గట్టుకి లాగారని తెలిసింది. వెళ్ళి దాని కింద బురదలో వెల్లకిలా పడుకున్నాను. పైన కాసులు తల వంచి చూశాడు.

"ఎవరు చూస్తారన్నారు కదండి?"

"నేను చూస్తున్నానయ్యా. ఆ టేపు ఇలా అందించు."

ఇనపరేకు ఎక్కడ వంగింది, అతుకు ఎక్కడ పడింది, నత్తలు ఎక్కడెక్కడ పట్టాయి, అన్నీ రాసుకున్నాను. ఆ చొక్కా అక్కయ్య మూడుసార్లు ఉతికి, ఆఖరికి నేల తుడవడానికి పెట్టుకుంది. మూడు వారాలు కూర్చుని పంటుకి పొట్ట పెట్టాను. అప్పుడు బావగారికి సందేశం పంపాను. "కట్టు విప్పి చూడొచ్చా అండి?" జవాబు వచ్చింది. "విప్పు. మునిగితే ఒక్కడివే మునుగు." పదకొండుసార్లు విప్పాను. పదకొండుసార్లూ తేలింది.

నెల రోజుల తర్వాత మరో శుక్రవారం, జనం మొదటిసారికంటే ఎక్కువ వచ్చారు. నా మీద నమ్మకం అనుకుని మురిసిపోయాను. అందరూ ముందంచుకి చేరారు, బావగారు వెనక్కి జరగమన్నారు, ఎవరూ జరగలేదు. పంటు కాస్త ముందుకి ఒరిగి, సర్దుకుని, డుగుడుగుమంటూ బయల్దేరింది. నడి ఏట్లో దుబాయ్ నుంచి కొత్తగా వచ్చినామె గొంతు వినిపించింది.

"ఎప్పుడు మునుగుతుందండి?"

"మునగదండి," అన్నారు బావగారు.

"అయ్యో. ఏసురత్నంగారు మునుగుతుందని చెబితే మా చెల్లెల్ని కూడా తీసుకొచ్చేనండి."

పంటు నరసాపురం రేవుకి తగిలింది. బావగారు గొంతు సవరించుకున్నారు. "పంతొమ్మిదేళ్ళలో, ఈ రోజుతో కలిపి, ఒక్క మనిషిని పడెయ్యలేదండి."

"మరి మొన్న?" అన్నారు ఏసురత్నంగారు.

"మొన్న నేను చుక్కాని పట్టుకున్నానంతే. ముంచింది మా బావమరిది."

ఆ మాటతో ఆయన పెరుగన్నం ఆయనకి దక్కింది. ఆ రాత్రి నేను దేవుడి పటం ముందు నిలబడి, మునిగిన నలభై ఇద్దరి సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను: ఇకమీదట వార్తయినా, పంటయినా, పప్పుగిన్నయినా, కింద ఏముందో వంగి చూడకుండా నలుగురి ముందూ పెట్టను. పొట్ట లేని పంటుని ఈ జన్మలో ఇంక ఏ నీళ్ళలోనూ దింపను.

ఒట్టు పెట్టి ఇటు తిరిగానో లేదో ఫోన్ మోగింది. బావగారు.

"ప్రసాదూ, ఆ పాతది చెరిపేసేవా, ఉందా?"

"ఉందండి. ఏం?"

"జనం అడుగుతున్నారయ్యా. వచ్చే శుక్రవారం రెండూ పెట్టు. దాటేది నేను నడుపుతాను. మునిగేదానికి సరంగువి నువ్వు."